ఆమె పేరు చీపో

మా పాప యూకేజీ చదువుతోంది. ఈమధ్య ఒకరోజు బడి నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది. వచ్చే శుక్రవారం ప్రపంచ దేశాల పండుగ చేస్తున్నారట. చీట్లు తీస్తే మా పాపకు ఆఫ్రికా వచ్చిందట. ముఖానికీ చేతులకూ నల్లరంగు పూసి, నడుముకు గడ్డి కట్టి పంపమన్నారు. కింద నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టారు. ఆ పూటే బడికి వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ మర్యాదస్తురాలు, కూర్చోబెట్టి టీ తెప్పించింది. “చిన్నపిల్లల సరదా మేడమ్. మీరు ఇంత సీరియస్‌గా తీసుకుంటారనుకోలేదు” అంది. “జపాన్ వచ్చిన పిల్లకు ఏం పూయమన్నారు?” అని అడిగాను. “జపాన్‌కు విసనకర్ర చాలు కదండీ.” “మరి ఆఫ్రికాకు మసి దేనికి?” అన్నాను. ఆవిడ టీ కప్పు నా వైపు జరిపింది. ఆ శుక్రవారం పాపను బడికి పంపలేదు. ఇంత చిన్న విషయానికి అంత కోపమా అని మా ఆయన అడిగాడు. ఆ కోపం ఆ రోజుది కాదని అతనికి ఎలా చెప్పను? అది నేను పదో తరగతిలో ఉండగా ఖతర్‌లో పుట్టింది. ఇన్నేళ్ళైనా చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

మేము దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో ఒక విల్లాలో ఉండేవాళ్ళం. విల్లా అనగానే కాకినాడలో మా బంధువులు ఈతకొలనులూ పాలరాతి మెట్లూ ఊహించుకునేవారు. నిజానికి ఒక్క కుటుంబం కోసం కట్టిన ఇంటిని జిప్సం పలకలతో ఎక్కడికక్కడ చీల్చి అరడజను కుటుంబాలకు అద్దెకిచ్చారు. మా వాటాకు సగం హాలూ, ఒక గదీ, మెట్ల కింద చోటులో వంటిల్లూ వచ్చాయి. అమ్మ పోపు వేస్తే పక్కింటివాళ్ళు తుమ్మేవారు. వాళ్ళు కొబ్బరినూనెలో చేప వేయిస్తే మా పరుపులకు వాసన పట్టేది. గుమ్మం పక్కన రంగుడబ్బాలో అమ్మ కరివేపాకు మొక్క పెంచేది. ఇసుకగాలి వచ్చినప్పుడల్లా దానికి పాత లుంగీ కప్పేది, పసిపిల్లకు కప్పినట్టు. నాన్న లుసైల్‌లో సైట్ ఇంజనీరు. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు బయట విడిస్తే వాటి చుట్టూ తెల్లటి సున్నపుదుమ్ము వలయంలా పడేది. కొత్తగా కడుతున్న నగరమది, అప్పటికి లుసైల్ అంటే ఇసుకా క్రేన్లే. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఆ దేశానికి వస్తోందని ప్రకటించారు కనుక ఊరంతా ఒకటే మాట. కప్పు వస్తోంది కాబట్టి అద్దె పెంచుతున్నానని విల్లా ఏజెంటు అనేవాడు. కప్పు వస్తోంది కాబట్టి నాన్నకు శుక్రవారాలు కూడా డ్యూటీ పడేది. డ్యూటీ లేని శుక్రవారం నాన్న పొద్దున్నే వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుని, ముద్దపప్పూ ఆవకాయా కలుపుకు తిని, పేపరు ముఖాన వేసుకుని నిద్రపోయేవారు. ఆ నిద్రను ఇంట్లో ఎవరూ చెడగొట్టకూడదు.

విల్లా వెనక నీళ్ళట్యాంకు పక్కన పనిమనిషి కోసం కట్టిన చిన్న గది ఉండేది. అందులోకి జింబాబ్వే నుంచి ఒకావిడ వచ్చి చేరింది. ముప్పై దాటిన మనిషి, పొడగరి, జుట్టు సన్నటి జడలుగా అల్లి వెనక్కి కట్టుకునేది. ఒక ప్రైవేటు స్కూల్లో పాటల టీచరు. ఆమె పేరు చీపో. ఆ పేరు మా తెలుగువాళ్ళ చేతిలో పడి ఎంత నలిగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. పై అంతస్తులో ఉండే మూర్తి అంకుల్ అక్కడి తెలుగు సంఘానికి పెద్ద. ఆయన మా హాల్లో కూర్చుని, “కొత్తావిడ పేరడిగితే చీపో అందండీ. నేనేమన్నానని పొమ్మంటోంది అనుకున్నా!” అన్నారు. అందరూ పొట్ట పట్టుకు నవ్వారు. మర్నాటి నుంచి విల్లాలో తెలుగు పిల్లలకు అదే ఆట. ఆమె స్కూలు బస్సు దిగగానే మేడ మీద నుంచి “ఛీ! పో! ఛీ! పో!” అని అరిచేవారు. పిల్లలు తన పేరు నేర్చుకుని ప్రేమగా పిలుస్తున్నారనుకుని ఆమె తలెత్తి చెయ్యి ఊపేది. మూర్తి ఆంటీ అయితే ఆమె బట్టలు ఆరేసిన తీగ మీద తన చీరలు వేసేది కాదు. ఇంతా చేసి సంఘం మీటింగుల్లో మూర్తి అంకుల్ ఎప్పుడూ ఒకే ఫిర్యాదు చేసేవారు, ఈ దేశంలో మనవాళ్ళను తక్కువగా చూస్తారని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నాన్న నిద్రలో ఉండగా గోడ అవతల నుంచి ఏదో మోత వినిపించింది. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఆగింది. “ఎవరో తంబురా మీటుతున్నట్టుందే” అంది. తంబురా కాదు. సన్నని గంటలు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తుతున్నట్టుంది, దాని అడుగున తేనెటీగల జుమ్ము. వెళ్ళి చూశాను. చీపో తలుపు తెరిచే ఉంది. ఆమె నేల మీద గోడకానుకుని, ఒళ్ళో పెద్ద ఎండు సొరకాయ బుర్ర పెట్టుకుని, దాని లోపలికి రెండు చేతులూ పెట్టి వాయిస్తోంది. బుర్రలో ఒక చెక్కపలక, పలక మీద చెంచా కాడల్లా సాగగొట్టిన ఇనుప రేకులు. వాటిని రెండు బొటనవేళ్ళతో కిందికీ, కుడి చూపుడువేలితో పైకీ మీటుతోంది. బుర్ర అంచుకు సోడా మూతలు కట్టి ఉన్నాయి. ఆ జుమ్ము వాటిదే. “ఎంబిరా” అంది నన్ను చూసి. ఇంగ్లీషులో మాట్లాడేది, నేను మన మాటల్లో రాస్తున్నాను. “మా షోనా జాతి వాళ్ళది. మా ఊళ్ళో దీన్ని విని పెద్దలు వస్తారంటారు. అంటే చనిపోయిన పెద్దలు. భయపడకు, ఐన్ ఖాలిద్ దాకా రారు, వాళ్ళకు వీసా లేదు.” నేను నవ్వేశాను. ఆ రోజే ఆమె నా వేలు పట్టుకుని ఆ రేకుల మీద పెట్టింది. మొదటి స్వరం ఇప్పటికీ నా గోరు కింద ఉన్నట్టే ఉంటుంది.

అలా మొదలైంది శుక్రవారం క్లాసు. నేనూ, పక్క వాటాలో ఉండే ఇద్దరు మలయాళీ అక్కచెల్లెళ్ళూ. ఆమె పద్ధతి కటువుగా ఉండేది. పాట అడిగితే ఇచ్చేది కాదు. వారాల తరబడి ఎండు గింజలు పోసిన చిన్న బుర్రలు ఆడిస్తూ లయ పట్టమనేది. “వేళ్ళు తరువాత. ముందు చెవి.” ఇంకో షరతు కూడా పెట్టింది. స్కూలు మానేసిన పిల్లకు, మానేస్తానన్న పిల్లకు నేర్పదు. “ఎందుకు టీచర్?” అని అడిగితే తన కథ చెప్పింది. వాళ్ళింట్లో ఎంబిరా తాతది. ఆడపిల్లలు ముట్టుకోకూడదనేవారు. తాత కల్లు తాగి పడుకున్నప్పుడు ఆమె దొంగతనంగా వాయించి నేర్చుకుంది. చర్చి వాళ్ళ బడిలో అది దయ్యాల వాద్యమని వేళ్ళ మీద కొట్టారు. ఇంట్లో ఆడదని వద్దన్నారు, బడిలో పాపమని వద్దన్నారు. ఆమె రెండూ విడిచిపెట్టలేదు, బడినీ వాద్యాన్నీ. కానీ ఆమె చెల్లెలికి ఆ మొండితనం లేదు. ఇంకొక్కరికే ఫీజు కట్టగలమని తండ్రి అన్నరోజు కొడుకును బడికి పంపి, చెల్లెలిని ఇంట్లో ఉంచారు. రెండేళ్ళు తిరక్కుండా పెళ్ళి చేశారు. తొలి కాన్పులో ఆ పిల్ల పోయింది. “నర్సు లేదు. నర్సు కావలసిన పిల్లలందరినీ మేము ఇంట్లో కూర్చోబెట్టాం కదా, ఎక్కణ్ణుంచి వస్తుంది?” అంది చీపో. ఆమె గొంతు పెరగలేదు. వాయిద్యం తీసుకుని మళ్ళీ వాయించింది.

దోహాలో ఆమె అక్కడా ఇక్కడా పాడి, నేర్పి సంపాదించిందంతా తన ఊరి బడిలో ఆడపిల్లల ఫీజులకు పోయేది. మా దగ్గర క్లాసుకు పుచ్చుకునేది కూడా ఆ పిల్లల కోసమే. అంతేకాదు, మాలో ఒక్కొక్కరికీ అక్కడి ఒక పిల్లను జత చేసింది. నా జత రూడో. నా వయసుదే. శుక్రవారం సాయంత్రం కాలింగ్ కార్డు గీకి ఆ బడి హెడ్మాస్టరు ఫోనుకు కలిపితే పిల్లలు వరసగా మాట్లాడేవారు. రూడో ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే నయం. లెక్కలంటే ప్రాణం. వానొస్తే బడి కారుతుందని, తన డెస్కు మీద పడే చినుకులతో లయ వాయిస్తానని చెప్పేది. చీపో అన్న పేరుకు అర్థం నాకు రూడోయే చెప్పింది. కానుక అని. అది విన్నాక ఇక ఆగలేక, మేడ మీద పిల్లల అరుపులకు మా భాషలో అర్థమేమిటో టీచరుకు చెప్పేశాను. ఆమె ఒళ్ళోని బుర్రను పక్కన పెట్టింది. తరువాత, “నీ భాషలో మంచి మాటలు కూడా ఉంటాయి కదా. అవి నేర్పు” అంది. నేను మొదట నేర్పింది ‘తిన్నావా’. కనిపించిన ప్రతి తెలుగువాణ్ణీ ఆ మాటతో పలకరించేది, మూర్తి అంకుల్‌తో సహా. ఆయన మాత్రం అటు తిరిగి నడిచిపోయేవారు.

ఆ మూర్తి అంకులే ఒకసారి విల్లా శుభ్రం చేయిస్తున్నానని చెప్పి, ఎండలో ఆరబెట్టుకున్న ఆమె సొరకాయ బుర్రను చెత్తబండిలో వేయించారు. “చెత్త అనుకున్నానమ్మా, ఎండిపోయిన కాయ కదా” అన్నారు అడిగితే. దాని అంచుకు వరసగా కట్టిన మూతలు ఆయనకు కనిపించలేదా? మా నాన్న కూడా “పోనీలెద్దూ, పొరపాటు” అన్నారు. అది పొరపాటు కాదని ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు. బుర్ర లేని ఎంబిరా గొంతు పోయిన మనిషిలా ఉండేది. చీపో ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టి వాయించి చూసి, మొహం చిట్లించి పక్కన పెట్టేసింది.

గంగారాం ఈ కథలోకి వచ్చింది అప్పుడే. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి నాన్న కంపెనీలో పనిచేసేవాడు. క్యాంపులో ఉండేవాడు. సెలవు దొరికిన శుక్రవారం విల్లాలో ఏసీలు కడిగి నాలుగు రాళ్ళు సంపాదించుకునేవాడు. ఆ పూట మా ఇంట్లోనే భోజనం. మా ఇంట్లో అంటే, గుమ్మం బయట కరివేపాకు డబ్బా పక్కన. అతనికని విడిగా ఒక స్టీలు పళ్ళెం ఉండేది, అది లోపలికి వచ్చేది కాదు. అమ్మ చెడ్డది కాదు. అడిగి అడిగి వడ్డించేది. అయినా ఆ పళ్ళెం బయటే ఉండేది. బుర్ర పోయిన సంగతి విన్న గంగారాం సెలవు మీద ఊరికి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడు చంకలో గుడ్డమూట ఉంది. విప్పితే పెద్ద సొరకాయ బుర్ర.

“టీచరమ్మకు తెచ్చిన పాపా” అన్నాడు. “మా ఊళ్లె అందరు నవ్విండ్రు. దుబాయ్ పోయెటోళ్లు తొక్కు సీసాలు కొంచవోతరు గని ఆనిగెపుకాయ బుర్ర కొంచవోతరా అని. ఎయిర్‌పోర్టుల ఆపి, ఇండ్ల ఏమున్నది అంటడు. గాలి సార్ అన్న. ఊపి సూసి పొమ్మన్నడు.”

చీపో ఆ బుర్రను రెండు చేతులతో అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టింది. కళ్ళు తుడుచుకుంటూ “తిన్నావా?” అని అడిగింది. గంగారాం పగలబడి నవ్వాడు. రంపపు బ్లేడుతో దాని మూతి కోసి, మూతలు కట్టడానికి అతనే సాయం చేశాడు. చేస్తూ చేస్తూ మాటల్లో తన బిడ్డ స్రవంతి సంగతి చెప్పాడు. పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. కాలేజీ జగిత్యాలలో ఉంది, బస్సులో పోవాలి. ఇంటి దగ్గర పెత్తనం చేసే తన అన్న, ఇక చాలన్నాడట. నేను అది ఇంగ్లీషులో చెప్పగానే చీపో చేతిలో తీగ ఆగిపోయింది.

“అతని అన్న ఎవరు?” అంది. “ఆ పిల్లకు తండ్రా? అడుగు.”

అడిగాను. గంగారాం తల గోక్కున్నాడు. “తండ్రి నేనే గని, నేనీడుంటి. ఊళ్లె మాటకు మా అన్న ఉన్నడు. బస్సులల్ల పోతే పిల్ల ఆగమైతదంటడు.”

“అన్నకు కొడుకులున్నారా? వాళ్ళు బస్సులో వెళ్తారా?”

“వోతరు” అన్నాడు గంగారాం.

“వాళ్ళు ఆగం కారా?” ‘ఆగం’ అన్న మాటను మాత్రం ఆమె గంగారాం నోట విన్నట్టే పలికింది. తరువాత ఇంకో ప్రశ్న వేసింది. “ఆ పిల్లను ఎవరైనా అడిగారా?”

గంగారాం చేతిలోని మూతను కింద పెట్టాడు. చీపో తన కాలింగ్ కార్డు తీసి నాకిచ్చింది. “ఇప్పుడే కలుపు” అంది. ఊళ్ళో పక్కింటివాళ్ళ ఫోనుకు కలిపితే స్రవంతి వచ్చింది. నేను ఎవరో చెప్పుకుని, నీకు చదవాలని ఉందా అని అడిగాను.  “అక్కా, నన్ను అడిగినోళ్లు నువ్వే ఫస్టు” అంది. అంతలో ఆ పిల్లకు ఏడుపు ముంచుకొచ్చింది. ఫోను గంగారాం చేతికిచ్చాను. అతను గోడ వైపు తిరిగి విన్నాడు. “ఊఁ... ఊఁ...” అన్నాడు. చివరికి, “పెదనాయినకు ఫోనియ్యి” అన్నాడు. తరువాత అన్నదమ్ములిద్దరి మధ్య జరిగిన రభసకు నాన్న నిద్ర లేచి బయటికొచ్చారు. “నా బిడ్డ, నేను చెప్తున్న, రేపు పేరు రాపియ్యి. లేకపోతే నేనే ఫ్లైటెక్కుత” అని గంగారాం అరుస్తున్నాడు. అంత పెద్ద గొంతు అతనికి ఉందని మాకెవరికీ తెలియదు. ఫోను పెట్టేశాక అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. ఆ వారంలోనే స్రవంతి కాలేజీలో చేరింది.

ఆ ఏడాది చలికాలంలో ఒక ఈవెంట్ కంపెనీ నుంచి చీపోకు పిలుపు వచ్చింది. కప్పు పనుల్లో ఉన్న కంపెనీల వాళ్ళకు ఒక పెద్ద హోటల్లో విందు, దానికి ముందు ఆడపిల్లల చదువు కోసమంటూ ప్రపంచ సంగీతం. శిష్యురాళ్ళతో సహా వచ్చి వాయించమన్నారు. ఆమె ఊరి బడికి సాయం చేస్తామన్నారు, పిల్లల ఫోటో ఉంటే పంపమన్నారు. చీపో అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు. బడి కారకుండా పైన కొత్త రేకులు వేయించవచ్చని రూడోకు ఫోనులో చెప్పింది. పెద్ద హోటలు, పెద్దవాళ్ళు వస్తారనేసరికి మూర్తి అంకుల్‌కు ఆమె హఠాత్తుగా ‘మన చీపో మేడమ్’ అయిపోయింది. కూతురు స్నేహను తీసుకొచ్చి, ముందు వరసలో నిలబెట్టమని అడిగారు. ఏ ముఖం పెట్టుకుని అడిగారో ఆయనకే తెలియాలి. చీపో ఆ పిల్లను కాదనలేదు. “పిల్ల ఏం చేసింది?” అంది.

కార్యక్రమం రోజు మధ్యాహ్నం హోటల్లో రిహార్సల్. సూటు వేసుకున్న మేనేజరు రెండు నిమిషాలు విని చెయ్యెత్తి ఆపాడు. ఇది మరీ మెత్తగా ఉంది, జోల పాటలా ఉంది, మేము రికార్డు డప్పులు వేస్తాం, మీరు దానికి గంతులేయండి అన్నాడు. పెట్టెలోంచి పులిచారల గుడ్డలూ గడ్డిపావడాలూ తీయించాడు. చీపో ఓపికగా చెప్పింది, మా ఊళ్ళో ఎవరూ ఇలాంటివి కట్టుకోరు, మేము గౌన్లూ చీరకట్టు లాంటి గుడ్డలూ కట్టుకుంటాం అని. అతను తల ఊపుతూనే మేకప్ అమ్మాయికి సైగ చేశాడు. ఆ అమ్మాయి ఒక డబ్బా మూత తీసి, మొదట నిలబడిన స్నేహ చెంపకు నల్లరంగు పూసింది.

“ఇదేమిటి?” అంది చీపో.

“పిల్లలు ఇండియన్లు కదా. ఫోటోలో అందరూ ఒకేలా కనిపించాలి” అన్నాడతను, చాలా మామూలుగా.

చీపో తన కొంగు లాంటి గుడ్డను నీళ్ళతో తడిపి, స్నేహ చెంప తుడిచింది. గట్టిగా కాదు, అమ్మ తుడిచినట్టు. తరువాత అతని వైపు తిరిగి, “నా రంగు డబ్బాలో దొరకదు” అంది.  కూతురితో వచ్చిన మూర్తి అంకుల్, “పోనీ కొంచెం పూయించుకుంటే ఏమవుతుందమ్మా, పెద్ద ప్రోగ్రాం కదా” అన్నారు. సమయం దగ్గరపడడంతో మేనేజరు విసుక్కుని, ఒక్క పాట వాయించి దిగిపోండి అన్నాడు.

సాయంత్రం మేము స్టేజీ ఎక్కేసరికి వెనక గోడంత తెర మీద ఆ ఊరి పిల్లల ఫోటో. మధ్యలో రూడో, కళ్ళు చిట్లించుకుని నవ్వుతోంది. దాని మీద బంగారు అక్షరాల్లో, వీళ్ళ భవిష్యత్తును మేమే నిర్మిస్తున్నామని రాసి ఉంది. చీపో దాన్ని చూసి, తెర పక్కనే నిలబడ్డ మేనేజరును నెమ్మదిగా అడిగింది, ఈ బడికి మీరు ఏమిస్తున్నారని. అవగాహన కల్పిస్తున్నాం కదా అన్నాడు. సాయం సంగతి? ఈ ఏడు బడ్జెట్‌లో లేదన్నాడు. నేను ఆమె పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. ఆమె మైకు ముందుకు నడిచి వెళ్ళింది.

“నా వెనక ఉన్న పిల్లలకు పేర్లున్నాయి” అంది. “ఈమె రూడో. ఈమె తారిరో. చివర నిలబడింది నెట్సై. వీళ్ళ బొమ్మ ఇక్కడ పెడుతున్నట్టు వీళ్ళకు ఎవరూ చెప్పలేదు. వీళ్ళ భవిష్యత్తును ఈ గదిలో ఎవరూ నిర్మించడం లేదు. చదువు విలువ వీళ్ళకు తెలుసు, మీరు తెలియజేయనక్కరలేదు. వీళ్ళకు కావలసింది ఒక టీచరు, పుస్తకాలు, తల మీద...” అంతవరకే. మైకు ఆపేశారు. ఆమె చెప్పబోయిన మాట నాకు తెలుసు. తల మీద కప్పు. ఇంగ్లీషులో ఇంటి కప్పూ ప్రపంచ కప్పూ వేరువేరు మాటలు కావచ్చు. తెలుగులో ఒక్కటే మాట. ఒక కప్పు కోసం ఎడారిలో నగరాలే లేపుతున్నవాళ్ళకు ఇంకో కప్పుకు నాలుగు రేకులు బరువయ్యాయి.

చీపో వెనక్కి వచ్చి, నేల మీద కూర్చుని, గంగారాం తెచ్చిన బుర్రలో చేతులు పెట్టి వాయించడం మొదలుపెట్టింది. మైకు లేదు. ముందు వరసల్లో గ్లాసుల గలగల. మేము నలుగురం చిన్న బుర్రలు ఆడించాం. స్నేహ కూడా. ఆమె తొందరపడలేదు. పాట ఎంత సేపు సాగాలో అంతసేపూ సాగింది. నీళ్ళు పోస్తున్న వెయిటర్లు కూజాలతో అలాగే నిలబడిపోయారు. పాట అయ్యాక హాలు చివర ఎక్కడో ఒక్కరు చప్పట్లు కొట్టారు. లైట్లు కళ్ళలో పడి ఎవరో కనిపించలేదు.

మర్నాడు ఆమె స్కూలు వాళ్ళు పిలిచి, ఇక రానక్కరలేదన్నారు. వీసా వాళ్ళ చేతిలో ఉంది. ఆ స్కూలుకూ ఆ విందుకూ సంబంధమేమిటని అడిగే నాథుడు లేడు. నాన్నను కూడా ఆఫీసులో పిలిచి, మీ అమ్మాయి ఆ స్టేజీ మీద ఎందుకుందని అడిగారట. ఆయన ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నారు. “రేపట్నుంచి ఆవిడ గదికి వెళ్ళకు” అన్నారు.

“ఆమె చేసిన తప్పేంటి నాన్నా?”

“తప్పొప్పుల సంగతి కాదమ్మా. వీసా సంగతి.”

సంఘం మీటింగులో మూర్తి అంకుల్, మనవాళ్ళ పరువు తీసిందన్నారు. ఆమె పరువు తీసింది ఎవరిది? మాకంటూ అక్కడ పరువు ఏదైనా ఉంటే దాన్ని ఆ స్టేజీ మీద కాపాడింది ఆమె ఒక్కతే. ఆ మాట ఆ రోజు అరిచి చెప్పాను, నాన్న ముందరే చెప్పాను.  పెద్దవాళ్ళు అలా నేల చూపులు చూడడం నాకు అదే మొదటిసారి.

ఆమె వెళ్ళే రోజు విల్లాలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. గంగారాం ఎవరినో బతిమాలి పికప్ తెచ్చాడు. సామాను ఎక్కించాక అమ్మ మాత్రం బయటికొచ్చి, “భోంచేసి వెళ్ళండి” అంది. చీపోతోనే కాదు, గంగారాంతో కూడా. అతను అలవాటుగా గుమ్మం పక్కన కూర్చోబోయాడు. “అక్కడ కాదు, లోపలికి రా” అంది అమ్మ, కొంచెం కోపంగా, తన మీద తనకే వచ్చిన కోపంలా. మా సగం హాల్లో చాప మీద ముగ్గురం కూర్చున్నాం. అమ్మ పులిహోర వడ్డించింది. నాన్న డ్యూటీకి వెళ్ళిపోయారు. తినడం అయ్యాక చీపో తన చిన్న ఎంబిరా ఒకటి నా చేతిలో పెట్టి, “హారికా, స్కూలు మానేస్తే తిరిగి ఇచ్చెయ్యాలి” అంది.

చీపో తన ఊరు చేరి అదే బడిలో టీచరుగా చేరింది. ఆడపిల్లలకు ఎంబిరా నేర్పుతోంది. ఊరి పెద్దలు మొదట వద్దన్నారు, తరువాత పండుగలకు వాళ్ళనే పిలవడం మొదలుపెట్టారు. పిల్లలు వాయించి తెచ్చిన దానితోనే కొత్త రేకులు పడ్డాయి. రూడో లెక్కల టీచరయింది. స్రవంతి నర్సింగ్ చదివి, జగిత్యాల ఆసుపత్రిలో పనిచేస్తోంది. వద్దన్న ఆ పెదనాన్నకే మొన్న ఆపరేషనైతే కట్లు కట్టింది. ఇవన్నీ మంచి కబుర్లే. వినగానే, అయితే అంతా సుఖాంతమే కదా అంటారు చాలామంది. కాదు. ఒక్కరూ ఆమెకు క్షమాపణ చెప్పలేదు. రూడో నవ్వు ఇంకెన్ని గోడల మీద వాడుకున్నారో మాకు తెలియదు. ప్రపంచ కప్పు వచ్చింది, వెళ్ళింది. టీవీలో లుసైల్ వెలుగులు చూసి మా బంధువులు నాన్నను పొగిడారు. అప్పుడు మేడ మీద నుంచి అరిచిన పిల్లలు ఇప్పుడు తల్లులయ్యారు, తండ్రులయ్యారు. వాళ్ళ పిల్లల చెంపలకు పూయడానికి రంగుడబ్బా ఇప్పటికీ దొరుకుతూనే ఉంది.

నాన్న రిటైరై కాకినాడలో ఉంటున్నారు. పాప బడి గొడవ విని, ఫోను పెట్టేస్తారనుకుంటే పెట్టెయ్యలేదు. ఆ వారాంతం నేను వెళితే, వరండాలో కూర్చుని ఉన్నట్టుండి, “ఆ రోజు హోటల్లో చప్పట్లు కొట్టింది నేనే, తెలుసా?” అన్నారు. నాకు తెలియదు. సైటు నుంచి నేరుగా వచ్చి వెనక వరసలో నిలబడ్డారట.

“మరి మర్నాడు ఎందుకు మాట్లాడలేదు?” అన్నాను. నా గొంతు పదో తరగతి పిల్ల గొంతులా పలికింది.

ఆయన జేబులోంచి ఫోను తీశారు. “ఆవిడ నంబరుందా?” అన్నారు.

కలిపి ఇచ్చాను. అక్కడ మధ్యాహ్నం, శనివారపు ఎంబిరా క్లాసు నడుస్తోంది. ‘గుడ్ మార్నింగ్’ తప్ప ఆమెతో ఎన్నడూ ఇంకో మాట మాట్లాడని మా నాన్న, ఆమె గొంతు వినగానే కుర్చీలోంచి లేచారు. “మేడమ్, నేను హారిక వాళ్ళ నాన్నను. ఆ రోజు...” అన్నారు.   అవతల చీపో, క్లాసులో ఉన్నాను, ఉండండి అని, ఫోనును పిల్లల మధ్య పెట్టినట్టుంది. ఎన్నో చేతుల కింద ఇనుప రేకులు ఒక్కసారిగా మోగాయి. పాట పొడుగైనది. మోకాళ్ళ నొప్పి ఉంది, కూర్చోండి నాన్నా అన్నాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, అయిపోయేదాకా నిలబడే విన్నారు.